నీటిబల్లులకు కత్తులిచ్చింది ఎవరు? కారెల్ చాపెక్ నవల, 1930ల యూరప్

డిస్టోపియా సాహిత్యం గురించి మాట్లాడమని చాలామంది అడుగుతున్నారు. అడిగినవాళ్లలో ఎక్కువమంది జార్జ్ ఆర్వెల్ పేరే రాశారు. ఆర్వెల్ గురించి చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. నేను ఇవాళ ఇంకొకాయన దగ్గరకు తీసుకెళ్తాను. ఆయన పేరు మీకు తెలియకపోవచ్చు గానీ ఆయన ఇచ్చిన మాట మీరు రోజూ వాడుతున్నారు. ఆ మాట రోబో.

కారెల్ చాపెక్. చెక్ రచయిత. 1890లో బొహీమియాలోని ఒక చిన్న ఊళ్లో పుట్టాడు, తండ్రి డాక్టరు. 1920లో ఆయన ఒక నాటకం రాశాడు, పేరు "ఆర్.యు.ఆర్." 1921 జనవరిలో ప్రాగ్ నేషనల్ థియేటర్‌లో ఆడారు. అందులో ఒక ఫ్యాక్టరీ కృత్రిమ మనుషుల్ని తయారుచేసి ప్రపంచమంతా అమ్ముతుంది. వాళ్లకి ఏం పేరు పెట్టాలో తోచక అన్నయ్య యోసెఫ్‌ని అడిగితే, ఆయన బొమ్మ వేసుకుంటూ, నోట్లో కుంచె పెట్టుకునే, "రోబోట్ అను" అన్నాడట. ఈ సంగతి చాపెకే తర్వాత రాశాడు. చెక్ భాషలో రొబోటా అంటే ఏమిటో తెలుసా? భూస్వామి పొలంలో కూలి లేకుండా చెయ్యాల్సిన పని. అంటే అచ్చంగా మన వెట్టి. హాబ్స్‌బర్గ్ సామ్రాజ్యంలో 1848లో ఆ వెట్టిని రద్దు చేశారు. మన తెలంగాణలో అది ఆ తర్వాత ఇంకో వందేళ్లు నడిచిన సంగతి మీకు తెలుసు. కాబట్టి రజనీకాంత్ సినిమాకి "రోబో" అని పేరు పెట్టినప్పుడు మనవాళ్లు తెలియకుండానే "వెట్టివాడు" అని పేరు పెట్టారన్నమాట. సరే, అది పక్కన పెడదాం.

ఇవాళ నేను చెప్పబోయేది ఆ నాటకం గురించి కాదు. పదిహేనేళ్ల తర్వాత ఆయన రాసిన ఒక నవల గురించి. ఇంగ్లీషులో "వార్ విత్ ది న్యూట్స్" అంటారు. న్యూట్ అంటే బల్లిలా ఉండి నీళ్లలో బతికే ఒక ఉభయచరం. తెలుగులో దానికి అందరికీ తెలిసిన పేరు లేదు కాబట్టి నేను నీటిబల్లి అంటాను. 1935-36లో ఒక చెక్ దినపత్రికలో సీరియల్‌గా వచ్చింది, 1936లో పుస్తకమైంది. ఆ తేదీలు గుర్తుపెట్టుకోండి, ఈ ఎపిసోడ్ అంతా ఆ తేదీల మీదే నడుస్తుంది.

ముందు కథ చెప్తాను. వాన్ టాక్ అనే ముసలి ఓడ కెప్టెన్ సుమత్రా దగ్గర ఒక చిన్న దీవికి వెళ్తాడు. ముత్యాల కోసం. అక్కడ ఒక అఖాతంలోకి దిగడానికి స్థానికులు ఒప్పుకోరు, దయ్యాలున్నాయంటారు. ఆ దయ్యాలే నీటిబల్లులు. పదేళ్ల పిల్లాడంత ఎత్తు, రెండు కాళ్ల మీద నిలబడతాయి, తెలివైనవి. పాపం వాటిని సొరచేపలు తినేస్తుంటాయి. కెప్టెన్‌కి జాలేస్తుంది. వాటికి కత్తులిస్తాడు. సొరచేపల్ని చంపుకోండి, ఆ కత్తితోనే ఆల్చిప్పలు తెరిచి నాకు ముత్యాలివ్వండి అంటాడు. చూడండి, ఇందులో తప్పేముంది? మీరైనా నేనైనా అదే చేస్తాం. జాలి ఉంది, వ్యాపారం ఉంది, ఇద్దరికీ లాభం ఉంది.

తర్వాత ఆయన డబ్బు కోసం ప్రాగ్‌లో బోండీ అనే పెద్ద వ్యాపారవేత్త ఇంటికి వెళ్తాడు. చిన్నప్పుడు ఇద్దరిదీ ఒకే ఊరు. గేటు దగ్గర పొవొండ్రా అని ఒక ద్వారపాలకుడు ఉంటాడు. మన అపార్ట్‌మెంట్ వాచ్‌మెన్ లాంటివాడు అనుకోండి. ఈ ముసలాయన్ని లోపలికి పంపాలా వద్దా అని ఒక్క క్షణం ఆలోచించి, పంపిస్తాడు. బోండీ పెట్టుబడి పెడతాడు. ఓడల్లో నీటిబల్లుల్ని దీవి దీవికి తీసుకెళ్లి వదులుతారు. ముత్యాలు కుప్పలుతెప్పలుగా వస్తాయి. అన్ని వచ్చేసరికి ముత్యం ధర పడిపోతుంది. ఈలోగా కెప్టెన్ చనిపోతాడు.

ఇక్కడుంది అసలు మలుపు. వాటాదారుల సమావేశం. నవలలో ఈ అధ్యాయం మొత్తం మీటింగ్ మినిట్స్ రూపంలో ఉంటుంది. బోండీ లేచి, ముత్యాల కాలం అయిపోయింది, మన దగ్గర ఉన్న అసలు ఆస్తి ముత్యాలు కాదు, ఈ జీవులే అంటాడు. వీటికి కూలి అక్కర్లేదు, నీళ్ల కింద ఎంత పనైనా చేస్తాయి. ఆనకట్టలు కడతాయి, ఓడరేవులు తవ్వుతాయి, పూడిక తీస్తాయి. వీటిని ప్రపంచానికి అమ్ముదాం. చప్పట్లు కొడతారు. సిండికేట్ పుడుతుంది. తర్వాత నీటిబల్లుల్ని గ్రేడ్లవారీగా, మన మార్కెట్ యార్డులో మిర్చికి వేసినట్టు, రేట్లు వేసి అమ్ముతారు.

నవల మధ్యభాగమంతా వార్తాపత్రికల కత్తిరింపులే. ఆ వాచ్‌మెన్ పొవొండ్రా, నేను గేటు తీయబట్టే కదా ఇదంతా జరిగింది అన్న గర్వంతో, నీటిబల్లుల వార్త ఎక్కడొచ్చినా కత్తిరించి దాచుకుంటూ ఉంటాడు. శాస్త్రవేత్తల నివేదికలు, వాటికి ఆత్మ ఉందా లేదా అన్న చర్చలు, వాటికి బడి ఏ భాషలో పెట్టాలన్న తగాదాలు. ఒక జర్మన్ పరిశోధకుడైతే మా బాల్టిక్ తీరంలో పెరిగిన నీటిబల్లి రంగులో తెల్లన, నడకలో నిటారు, జాతిలో మేలైనది, దానికి ఇంకా ఎక్కువ చోటు కావాలి అని రాస్తాడు. 1936లో ఈ మాట ఎవర్ని ఉద్దేశించిందో చదివినవాళ్లందరికీ తెలుసు.

ఈలోగా ప్రతి దేశం తన తీరాన్ని కాపాడుకోవడానికి తన నీటిబల్లులకు ఆయుధాలిస్తుంది. పక్క దేశం ఇచ్చింది కాబట్టి మనమూ ఇవ్వాలి. తవ్వకం పనికి పేలుడు పదార్థాలు ఎలాగూ ఇచ్చారు. ఒకడు, పేరు కూడా చెప్పుకోడు, ఎక్స్ అనే అక్షరంతో ఒక కరపత్రం వేస్తాడు. వాటికి తిండి ఆపండి, పనిముట్లు ఆపండి, ఆయుధాలు ఆపండి, దేశాలన్నీ ఒక్కమాట మీదకు రండి అంటాడు. జనం చదువుతారు, చర్చిస్తారు, అంతే.

తర్వాత ఒకరోజు అమెరికాలో లూసియానా తీరం కూలి సముద్రంలో కలిసిపోతుంది. మరికొన్ని చోట్ల కూడా. అప్పుడు రేడియోలో ఒక బొంగురు గొంతు వినిపిస్తుంది. హలో మనుషులూ, మా జనాభా పెరిగింది, మాకు లోతు తక్కువ నీళ్లు, పొడవైన తీరాలు కావాలి, అందుకని మీ ఖండాలు తవ్వేస్తాం, తీరం ఖాళీ చెయ్యండి. కోపంగా చెప్పడు, కాంట్రాక్టర్ చెప్పినట్టు చెప్తాడు. మీరు మాతో పని చేయించుకున్నారు, ఇప్పుడు మీరు మాతో కలిసి పని చేయండి అంటాడు. దానికి డబ్బులు కూడా ఇస్తానంటాడు.

ఇక్కడిదాకా వినగానే మనకి తట్టే మాట భస్మాసుర హస్తం. నేనూ మొదటిసారి చదివినప్పుడు అదే అనుకున్నాను. కానీ భస్మాసురుడి కథలో వరం ఇచ్చింది ఒక్క శివుడు. తప్పు ఎవరిదో తెలుసు, దిద్దడానికి మోహిని వస్తుంది. చాపెక్ కథలో వరం ఒకరు ఇవ్వలేదు. కెప్టెన్ కత్తి ఇచ్చాడు, బోండీ ఓడ ఇచ్చాడు, వాటాదారులు డబ్బిచ్చారు, ఇంజనీర్లు పేలుడు మందు ఇచ్చారు, సైన్యాలు తుపాకులిచ్చాయి, పంతుళ్లు చదువు చెప్పారు, లాయర్లు వాటి తరఫున వాదించారు. తలా కొంచెం. ఏ ఒక్కరూ ప్రపంచాన్ని ముంచే నిర్ణయం తీసుకోలేదు. ఎవరి వరకు వాళ్లు ఆ సంవత్సరానికి సరిపోయే నిర్ణయమే తీసుకున్నారు.

డిస్టోపియా నవలల్లో ఈ పుస్తకాన్ని నేను వేరుగా పెట్టేది ఇందుకే. జమ్యాతిన్ "వి" తీసుకోండి, హక్స్లీ 1932 నవల తీసుకోండి, 1949లో ఆర్వెల్ తీసుకోండి. వాటన్నింటిలో పైన ఒక ప్లాన్ ఉంటుంది. ఒక రాజ్యం, ఒక నాయకుడు, ఒక పద్ధతి. భయంకరమైనదే, కానీ ఎవరో ఆలోచించి కట్టింది. చాపెక్‌లో ఎవరూ ఏమీ కట్టరు. అక్కడ ప్లాన్ లేకపోవడమే ప్రమాదం. నిజం చెప్పాలంటే చరిత్ర చదివేవాడికి ఈ రెండోదే ఎక్కువ పరిచయం.

సరే, చరిత్రలోకి వద్దాం. 1935లో యూరప్‌లో ఏం జరుగుతోంది?

1919 వెర్సాయ్ సంధి ప్రకారం జర్మనీకి జలాంతర్గాములు ఉండకూడదు, పెద్ద నౌకాదళం ఉండకూడదు. 1935 మార్చిలో హిట్లర్ నిర్బంధ సైనిక సేవ ప్రకటించి సంధిని బహిరంగంగా తెంచాడు. మూడు నెలలు గడవగానే, జూన్ 18న, బ్రిటన్ జర్మనీతో ఒక నౌకా ఒప్పందం చేసుకుంది. జర్మనీ నౌకాదళం బ్రిటన్ దానిలో 35 శాతం దాకా ఉండొచ్చు. జలాంతర్గాములైతే 45 శాతం దాకా, అవసరమైతే సమానం దాకా కూడా. మిత్రదేశం ఫ్రాన్స్‌ని అడగలేదు. పైగా ఆ తేదీ వాటర్లూ యుద్ధం జరిగి సరిగ్గా 120 ఏళ్లు నిండిన రోజు. ఫ్రెంచివాళ్లకి ఎలా ఉండి ఉంటుందో మీరే ఊహించుకోండి.

బ్రిటన్ వాళ్లు మూర్ఖులా? కాదండీ. ఇక్కడ మనం తొందరపడకూడదు. వాళ్ల ఫైళ్లు వాళ్ల వైపు నుంచి చదివితే అంతా సబబుగానే ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో 7 లక్షలకు పైగా బ్రిటిష్ సైనికులు చనిపోయి ఇరవై ఏళ్లు కాలేదు. ఆర్థిక మాంద్యం, ఖజానా ఖాళీ. తూర్పున జపాన్ భయం. జర్మనీ ఎలాగూ ఓడలు కడుతుంది, దానికి ఒక హద్దు గీసి కాగితం మీద సంతకం పెట్టించుకుంటే మంచిదే కదా అన్నది వాళ్ల లెక్క. ఆ సంవత్సరానికి ఆ లెక్క కరెక్టే. 1939 ఏప్రిల్‌లో హిట్లర్ ఆ ఒప్పందాన్ని రద్దు చేస్తున్నానని ప్రకటించాడు, అదీ పార్లమెంటులో ప్రసంగం మధ్యలో.

అదే 1935 అక్టోబర్‌లో, అంటే చాపెక్ సీరియల్ నడుస్తున్న రోజుల్లో, ముస్సోలినీ ఇథియోపియా మీద పడ్డాడు. నానాజాతి సమితి ఆంక్షలు విధించింది. వేటి మీద? కొన్ని సరుకుల మీద. పెట్రోలు మీద మాత్రం కాదు. యుద్ధం నడిచేది పెట్రోలుతో. సూయజ్ కాలువ బ్రిటన్ చేతిలో ఉంది, దాన్ని మూస్తే ఇటలీ సైన్యం ఆఫ్రికాకి చేరడమే కష్టం. మూయలేదు. ఇటలీ ఓడలు సుంకం కట్టి దర్జాగా వెళ్లాయి. ఎందుకంటే ముస్సోలినీని మరీ కోపగించుకుంటే రేపు హిట్లర్‌కి వ్యతిరేకంగా మనతో ఉండడేమో అని. డిసెంబర్‌లో బ్రిటన్ విదేశాంగ మంత్రి హోర్, ఫ్రాన్స్ ప్రధాని లావల్ ఇద్దరూ కూర్చుని, ఇథియోపియాలో పెద్ద భాగం ఇటలీకి ఇచ్చేసి గొడవ ముగిద్దామని ఒక రహస్య పథకం రాసుకున్నారు. ఇథియోపియా ఆ గదిలో లేదు. పత్రికలకి లీకై, జనం మండిపడి, హోర్ రాజీనామా చెయ్యాల్సివచ్చింది. ఇథియోపియా మాత్రం దక్కలేదు. 1936 జూన్ 30న చక్రవర్తి హైలే సెలాసీ జెనీవాలో సమితి ముందు నిలబడి మాట్లాడబోతే గ్యాలరీలోంచి ఇటాలియన్ విలేకరులు ఈలలు వేశారు.

ఇప్పుడు నవల్లోకి మళ్లీ వెళ్దాం. ఖండాలు కూలుతున్నాయి కదా. దేశాలన్నీ ఒక అంతర్జాతీయ సదస్సు పెడతాయి. ఎక్కడ? సముద్రానికి దూరంగా, ఆల్ప్స్ కొండల్లో, లీక్టెన్‌స్టైన్ దేశపు వదూజ్ పట్టణంలో. నీటిబల్లులు అక్కడికి రాలేవు కదా! వాటి తరఫున ఎవరొస్తారు? లాయర్లు. మనుషులే. చక్కగా సూటు వేసుకుని, మా క్లయింట్లు మీ తీరాలను న్యాయమైన ధరకి కొంటారు అని చెప్తారు. చర్చల్లో ఒక రాజీ ప్రతిపాదన వస్తుంది. యూరప్ తీరాల జోలికి రాకుండా ఉండేందుకు చైనా భూమిని నీటిబల్లులకు ఇచ్చేద్దాం. చైనా ప్రతినిధి లేచి ఏదో మాట్లాడతాడు. ఆయన ఏమన్నాడో ఎవరికీ అర్థం కాదు.

ఇది చదివినప్పుడు చాలామంది, ఆహా, 1938 మ్యూనిక్ ఒప్పందాన్ని చాపెక్ రెండేళ్ల ముందే ఊహించాడు అంటారు. యూట్యూబ్‌లో అలాంటి వీడియోలు కూడా ఉన్నాయి, జోస్యం, మిస్టరీ అంటూ. నేను ఒప్పుకోను. చాపెక్ జ్యోతిష్కుడు కాదు, జర్నలిస్టు. జీవితమంతా పేపర్‌లో పనిచేసినవాడు. 1931లో జపాన్ మంచూరియాని ఆక్రమించింది. చైనా సమితికి మొరపెట్టుకుంది. సమితి ఒక కమిషన్ వేసింది, కమిషన్ ఓడెక్కి వెళ్లి, తిరిగొచ్చి, ఏడాది తర్వాత రిపోర్ట్ ఇచ్చింది. రిపోర్ట్ జపాన్‌ది తప్పనే చెప్పింది. జపాన్ 1933లో సమితిలోంచి లేచి వెళ్లిపోయింది. అంతే, అయిపోయింది. జపాన్‌కి అమెరికా పాత ఇనుము 1940 దాకా, పెట్రోలు 1941 దాకా అమ్ముతూనే ఉంది. చాపెక్ ఈ వార్తలన్నీ రోజూ తన బల్ల మీద చూస్తున్నాడు. ఆయన తీసుకున్నది భవిష్యత్తులోంచి కాదు, నిన్నటి పేపర్లోంచి. ఇది రేపటి గురించిన ఊహ కాదు, ఇవాళ ఉన్నదే అని ఆయన స్వయంగా చెప్పుకున్నాడు కూడా.

అందుకే నాకు ఆ పొవొండ్రా కత్తిరింపుల పెట్టె చాలా ముఖ్యంగా కనిపిస్తుంది. వార్తలన్నీ అందులో ఉన్నాయి. తేదీల వరుసలో కూడా లేవు. మధ్యలో కొన్నింటిని వాళ్లావిడ పెట్టెలో చోటు చాలక పొయ్యిలో పడేస్తూ ఉంటుంది! సమాచారం లేక మునిగిన ప్రపంచం కాదది. సమాచారం పెట్టెల్లో పడి ఉన్న ప్రపంచం.

ఒక లోపం కూడా చెప్పాలి. నవలలో దీవుల ప్రజల్ని చూపించిన తీరులో ఆ కాలపు యూరోపియన్ చులకన ఉంది. ఆడవాళ్ల పాత్రలు దాదాపు లేవు, ఉన్న ఒకరిద్దరు నవ్వులాటకే. మధ్యభాగం కొందరికి బరువనిపిస్తుంది. ఇవన్నీ నిజమే.

ఇప్పుడు అసలు బాధాకరమైన భాగానికి వస్తున్నాను. వదూజ్ సదస్సు రాసిన మనిషి దేశమే ఆ బల్ల మీదకి వచ్చింది.

చెకొస్లొవాకియా 1918 అక్టోబర్‌లో పుట్టిన రిపబ్లిక్. చుట్టూ నియంతృత్వాలు పెరుగుతుంటే మధ్య యూరప్‌లో ఎన్నికలూ పత్రికా స్వేచ్ఛా నిలుపుకున్న దేశం. తొలి అధ్యక్షుడు మసారిక్ చాపెక్‌కి మిత్రుడు. శుక్రవారాలు చాపెక్ ఇంట్లో రచయితలు, రాజకీయ నాయకులు కలిసేవారు, అధ్యక్షుడు కూడా వచ్చేవాడు. మసారిక్‌తో సంభాషణల్ని చాపెక్ పుస్తకంగా వేశాడు. దేశానికి సరిహద్దు కొండల్లో కొత్తగా కట్టిన కోటలున్నాయి, మంచి సైన్యం ఉంది, ప్ల్జెన్‌లో స్కోడా ఆయుధ కర్మాగారం ఉంది, ఫ్రాన్స్‌తో రక్షణ ఒప్పందం ఉంది. ఆ కొండల అంచున ఉన్న సుడేటన్ ప్రాంతంలో జర్మన్ మాట్లాడేవాళ్లు ఎక్కువ. హిట్లర్ ఆ ప్రాంతం కావాలన్నాడు.

1938 సెప్టెంబర్ చివర మ్యూనిక్‌లో నలుగురు కూర్చున్నారు. హిట్లర్, ముస్సోలినీ, చాంబర్లేన్, దలాదియే. చెకొస్లొవాకియా ప్రతినిధులు ఇద్దరూ హోటల్ గదిలో కూర్చుని ఎదురుచూశారు. అర్ధరాత్రి దాటాక పిలిచి, ఇదిగో ఒప్పందం అని చేతికిచ్చారు. అభ్యంతరం చెప్పడానికి వీలు లేదు. నవలలో చైనా ప్రతినిధికి కనీసం లేచి మాట్లాడే అవకాశమైనా ఉంది! సుడేటన్ ప్రాంతంతో పాటు కోటలన్నీ పోయాయి. ఇక ఆ దేశానికి తలుపులు లేవు. లండన్‌లో చాంబర్లేన్‌ మీద జనం ప్రశంసలు కురిపించారు. కురిపించినవాళ్లని కూడా నేను తప్పుపట్టలేను. కొడుకులు యుద్ధానికి పోకుండా తప్పారని ఏ తల్లి సంతోషించదు? ఆ సంతోషం పదకొండు నెలలు నిలిచింది.

1939 మార్చి 15న జర్మన్ సైన్యం ప్రాగ్‌లోకి వచ్చింది. స్కోడా కర్మాగారం, చెక్ సైన్యపు ట్యాంకులు, తుపాకులు అన్నీ జర్మనీ చేతికి వెళ్లాయి. 1940లో రొమ్మెల్ ఫ్రాన్స్‌ని దున్నుకుంటూ పోయిన 7వ పాంజర్ డివిజన్‌లో పెద్ద సంఖ్యలో చెక్ డిజైన్ ట్యాంకులు నడిచాయి. ఫ్రాన్స్ తన మిత్రదేశాన్ని వదిలేసి పదకొండు నెలల శాంతి కొనుక్కుంది. ఆ ట్యాంకులే తన మీదకొచ్చాయి. కెప్టెన్ ఇచ్చిన కత్తి గుర్తొస్తోంది కదా.

ఇంకొక సంగతి ఉంది, ఇది చాలామందికి తెలియదు. చెక్ జాతీయ బ్యాంకు తన బంగారంలో కొంత ముందుజాగ్రత్తగా లండన్‌లో దాచుకుంది. అందులో సుమారు 23 టన్నులు స్విట్జర్లాండ్ బాసెల్‌లోని అంతర్జాతీయ పరిష్కారాల బ్యాంకు పేరు మీద బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ ఖజానాలో ఉంది. జర్మన్లు ప్రాగ్‌లోకి రాగానే, అక్కడి బ్యాంకు అధికారుల చేత బలవంతంగా ఒక ఆదేశం రాయించారు. ఆ బంగారాన్ని జర్మన్ కేంద్ర బ్యాంకు ఖాతాకు మార్చండి అని. బాసెల్ బ్యాంకు ఆ ఆదేశాన్ని లండన్‌కి పంపింది. లండన్ మార్చేసింది. ఒక ఖాతా నంబరు నుంచి ఇంకో ఖాతా నంబరుకి. బ్రిటన్ ప్రభుత్వం ఒకపక్క చెక్ ఆస్తుల్ని స్తంభింపజేస్తోంది, ఇంకోపక్క ఇది జరిగిపోయింది. మే నెలలో పత్రికలకి తెలిసి పార్లమెంటులో రచ్చ అయింది. చర్చిల్ మండిపడ్డాడు. బ్యాంకు వాళ్ల సమాధానం ఏమిటంటే, ఇది ఖాతాదారు ఆదేశం, మేము రాజకీయాలు చూడం, నిబంధనలు పాటించాం. అవును, పాటించారు. అందులో ఒక్క నిబంధన కూడా తప్పలేదు.

చాపెక్ నవల చివరి అధ్యాయంలో రచయిత తనతో తానే మాట్లాడుకుంటాడు. ఈ నీటిబల్లుల్ని ఆపలేరా అని లోపలి గొంతు అడుగుతుంది. ఎలా ఆపుతారు? ఫ్యాక్టరీలన్నీ వాటికే సరుకు తయారుచేస్తున్నాయి, బ్యాంకులన్నీ వాటికే అప్పులిచ్చాయి, అవి కొనడం ఆపితే ఇన్ని కోట్లమంది ఉద్యోగాలు ఏమవుతాయి? నీటిబల్లుల వెనుక ఉన్నది మనుషులే. అసలు వాటి నాయకుడు కూడా నీటిబల్లి కాదని, మొదటి యుద్ధంలో సార్జెంట్‌గా పనిచేసిన ఒక మనిషేనని కూడా అక్కడే బయటపెడతాడు. మొదటి యుద్ధంలో ఏదో చిన్న హోదాలో పనిచేసిన మనిషి అంటే ఎవరో, ఇక చెప్పాలా?

చివరిదానికి ముందు అధ్యాయంలో మన వాచ్‌మెన్ మళ్లీ కనిపిస్తాడు. ముసలివాడైపోయాడు. కొడుకుతో వ్ల్తావా నది ఒడ్డున చేపలు పడుతూ, మన దేశానికి సముద్రం లేదు కాబట్టి మనకి భయం లేదు అనుకుంటూ ఉంటాడు. అప్పుడు నీళ్లలోంచి ఒక నల్లటి తల పైకి లేస్తుంది. ప్రాగ్ నడిబొడ్డున. ముసలాయన ఇంటికొచ్చి మంచమెక్కి, అంతా నా వల్లే, ఆ రోజు ఆ కెప్టెన్‌ని లోపలికి పంపకుండా ఉంటే బాగుండేది అని ఏడుస్తాడు. ఆ కథలో తప్పు తనదని ఒప్పుకునేది ఆయన ఒక్కడే. అందరికంటే తక్కువ తప్పు చేసినవాడు!

చాపెక్ సంగతి. 1937లో "తెల్ల జబ్బు" అనే నాటకం, 1938లో "తల్లి" అనే నాటకం రాశాడు, రెండూ రాబోయే యుద్ధం గురించే. మ్యూనిక్ తర్వాత ఆయన దేశంలోనే కొందరు ఆయన మీద విరుచుకుపడ్డారు. ఆయన నిలబెట్టిన ఆ రిపబ్లిక్ వల్లే ఈ గతి పట్టిందని పత్రికల్లో రాతలు, ఆకాశరామన్న ఉత్తరాలు, ఫోన్‌లో తిట్లు. దేశం వదిలి వెళ్లిపొమ్మని మిత్రులు చెప్పినా వెళ్లలేదు. ఆరోగ్యం ఎప్పుడూ అంతంతమాత్రమే, వెన్నెముక జబ్బు. 1938 డిసెంబర్ 25న, క్రిస్మస్ రోజున, న్యుమోనియాతో చనిపోయాడు. 48 ఏళ్లు. మూడు నెలల తర్వాత ప్రాగ్‌లోకి వచ్చిన గెస్టపో ఆయన్ని అరెస్ట్ చెయ్యడానికి ఇంటికి వచ్చారు. భార్య ఓల్గా, ఆవిడ నటి, ఆయన చనిపోయాడని చెప్పాల్సి వచ్చింది. రోబోట్ అనే మాట ఇచ్చిన అన్నయ్య యోసెఫ్‌ని మాత్రం 1939 సెప్టెంబర్ 1న, యుద్ధం మొదలైన రోజునే పట్టుకెళ్లారు. ఐదున్నరేళ్లు క్యాంపు నుంచి క్యాంపుకి తిప్పి, 1945 ఏప్రిల్‌లో బెర్గెన్-బెల్సెన్‌లో చనిపోయాడు. అదే నెలలో బ్రిటిష్ సైన్యం ఆ క్యాంపుకి చేరింది.

పోయిన వారం ఒకరు అడిగారు, సర్, ఈ పుస్తకం ఇప్పటి కృత్రిమ మేధకి వర్తిస్తుందా అని. వర్తింపజేయాలనుకుంటే దేనికైనా వర్తింపజేయొచ్చు. నేను మాత్రం ముందు 1935 పేపర్లు పక్కన పెట్టుకుని చదవమంటాను. అలా చదివితేనే ఆ మీటింగ్ మినిట్స్ ఎంత నవ్వు తెప్పిస్తాయో, ఎంత చలి పుట్టిస్తాయో తెలుస్తుంది.

చదవాలనుకునేవాళ్లకి ఇంగ్లీషులో అనువాదాలు ఉన్నాయి. 1937లో వెదరాల్ దంపతులు చేసినది ఒకటి, 1985లో ఎవాల్డ్ ఓసర్స్ చేసినది ఇంకొకటి. నేను రెండోది సూచిస్తాను, భాష తేలిగ్గా ఉంటుంది. మొదటి యాభై పేజీలు మామూలు సముద్ర సాహస కథలా నడుస్తాయి, అక్కడ ఆపేయకండి. వాటాదారుల సమావేశం దాకా వెళ్లండి. వచ్చే ఎపిసోడ్‌లో "తెల్ల జబ్బు" నాటకం గురించి మాట్లాడదాం. దాన్ని 1937లోనే సినిమా కూడా తీశారు, వీలైతే ఈలోగా చూడండి.